రద్దు వేరు, తొలగింపు వేరు

వార్షిక సంచికకు తెలుగు శాఖ నుండి ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఎప్పటివలెనే ఏ శతక వాఙ్మయాన్ని గూర్చియో, ఏ ప్రబంధ నాయికను గూర్చియో వ్రాసి ఇస్తానని అనుకొని ఉంటారు. నేనూ అలాగే అనుకొన్నాను. కాని గడచిన విద్యా సంవత్సరంలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను నా శాఖకు సంబంధం లేని దారిలోనికి లాగుకొనిపోయింది. బి.ఎస్సీ. కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి సాయంకాలం స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, అబ్సొలీట్ ఫ్లాగ్స్ రిమూవల్ అన్నదాన్ని తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. తన ప్రాజెక్టు రికార్డులో ఒక పుట సారాంశం తెలుగులో కూడ ఉండాలని అతని కోరిక. అటువంటి కోరిక కలవాడు నాకు అరుదుగా కనబడతాడు గనుక సంతోషించి, "కాలం చెల్లిన జెండాల తొలగింపు అని వ్రాసుకో" అని చెప్పి పంపివేశాను.

అతడు గుమ్మం దాటిన తరువాత గాని నేను చెప్పిన మాట ఎంత అర్థరహితమో నాకు తోచలేదు. జెండాకు కాలం చెల్లడమేమిటి? చెల్లినదాన్ని తీసివేయడానికి డిగ్రీ విద్యార్థి ఆరు నెలలు కూర్చోవడమేమిటి? మరునాడు నేనే అతనిని పిలిపించి అడిగాను. పిమ్మట కొన్ని నెలలపాటు తెలిసినవారిని విసిగిస్తూ, అతడు చూపించిన మూలపాఠాన్ని చదువుతూ నేను గ్రహించినదాన్ని, గ్రహించిన మీదట నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను. కంప్యూటర్ శాఖ మిత్రులు నా ధైర్యాన్ని మన్నింతురు గాక.

కంప్యూటరులో అన్ని ప్రోగ్రాములకూ ఆధారమై నిలిచేదానిని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. వాటిలో లైనక్స్ ఒకటి. 1991లో హెల్సింకీ నగరంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విశ్వవిద్యాలయ విద్యార్థి ఆరంభించిన దాని మూలపాఠం ఈనాడు ప్రపంచంలో ఎవరైనా తెరచి చదువవచ్చును, దిద్దుబాటు సూచించవచ్చును. మనబోటి కళాశాల విద్యార్థికి ఇది కొంగుబంగారమే. ఇందులోని గర్భభాగానికి కెర్నెల్ అని పేరు. ఇక తెరమీద బొమ్మను గీసే గ్రాఫిక్స్ చిప్పులు పలు కంపెనీలవి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క భాష. కెర్నెల్ చెప్పినదాన్ని ఆ చిప్పు భాషలోనికి మార్చి చెప్పే భాగాన్ని డ్రైవరు అంటారు. డ్రైవరు అనగానే మనకు బస్సు స్టీరింగు గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడి డ్రైవరు పని బండి నడపడం కాదు. పూర్వం దొరల కొలువులో ఉండిన దుబాసీ చేసినటువంటి పని.

ఈ దుబాసీలందరినీ అజమాయిషీ చేయడానికి లైనక్స్‌లో డైరెక్ట్ రెండరింగ్ మేనేజర్ అనే భాగం ఉన్నది. కొలువులో చేరేటప్పుడు ప్రతి డ్రైవరూ ఒక పట్టికను దానికి సమర్పించుకోవాలి. పట్టికలో 32 గడులకు చోటున్నది. ఫలానా విద్య నాకు వచ్చును అంటే ఆ గడిలో ఒకటి, రాదు అంటే సున్న. ఈ గడిలోని గుర్తునే ఫ్లాగు అంటారు. డ్రైవరును ఒక పని అడిగే ముందు అజమాయిషీ చేసే భాగం ఆ గుర్తును చూస్తుంది. ఉన్నదంటే ఒక దారి, లేదంటే మరొక దారి. మన హాజరుపట్టీలో గుర్తు చూసి ఫీజు రాయితీ ఇచ్చినట్లే.

కాలం గడిచేకొద్దీ ఈ గుర్తులకు పలు విధాల అవస్థ పడుతుంది. కొన్ని విద్యలు ఒకప్పుడు కొందరికే వచ్చును, తరువాత అందరికీ వచ్చును; అప్పుడు ఆ గుర్తు చెప్పేదేమీ ఉండదు. కొన్ని గుర్తులు చెప్పే సంగతి అదే పట్టికలో మరొకచోట కూడ వ్రాసి ఉంటుంది. కొన్నింటిని డ్రైవర్లు శ్రద్ధగా పెడుతూనే ఉంటాయి గాని చూచేవారెవరూ ఉండరు.

రెండవ విధానికి మంచి ఉదాహరణ ప్రైమ్ అనే గుర్తు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉండడం సామాన్యమైనప్పుడు, ఒకటి గీసిన బొమ్మను మరొకటి తెరకెక్కించవలసి వచ్చింది. అట్లు బొమ్మను చేతులు మార్చే విద్యకు ప్రైమ్ అని పేరు పెట్టి, 2012లో దానికొక గుర్తును ఏర్పరచారు. అయితే ఈ విద్య గల డ్రైవరు గుర్తు పెట్టడమే కాక, బొమ్మను ఇచ్చే ప్రక్రియ ఇది, పుచ్చుకొనే ప్రక్రియ ఇది అని ఆ ప్రక్రియల చిరునామాలను కూడ పట్టికలో నింపవలెను. చిరునామా ఉన్నదంటే విద్య ఉన్నట్లే కదా, మరి గుర్తెందుకు? పైగా చిరునామా నింపి గుర్తు మరచినవాడు ఒకడు, గుర్తు పెట్టి చిరునామా మరచినవాడు ఒకడు బయలుదేరితే ఎవరి మాట నమ్మవలెను? 2019లో దీనిని తీసివేశారు. తీసివేసిన పద్ధతి గమనింపదగినది. మొదట ఆ గుర్తును చూచే చోట్లన్నింటినీ ఒక్కొక్కటిగా మార్చి, దానిని చదివేవారు ఎవరూ లేని స్థితి కల్పించారు. ఆ తరువాతనే డ్రైవర్లన్నింటి పట్టికల నుండి దానిని తుడిచివేశారు. 2024లో వచ్చిన 6.8 కెర్నెల్‌లో ఆ పట్టికను చూస్తే సున్నవ గడి, ఒకటవ గడి, ఆ పిమ్మట మూడవ గడి కనబడతాయి. రెండవది ఖాళీ. అదే ప్రైమ్ కూర్చున్న చోటు. ఈ అంకెలు కెర్నెల్ వెలుపలివారికి కనబడేవి కావు గనుక అక్కడ మరొకదాన్ని కూర్చోబెట్టినా ప్రమాదం లేదు. అయినా ఖాళీగా ఉండడం నాకెందుకో నచ్చింది.

ఇక్కడ తెలుగువాడిగా ఒక మాట. మనం నిత్యం వాడే రద్దు అనే మాట అరబీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చి మన సొంతమైపోయింది. రద్దు చేయడమంటే ఒకదానికి చెల్లుబాటు లేదని ప్రకటించడం. రద్దయిన పట్టా బీరువాలోనే ఉంటుంది. రద్దయిన రైలు పేరు స్టేషను గోడమీద అలాగే ఉంటుంది. తొలగించడమంటే దానిని ఉన్న చోటు నుండి లేకుండ చేయడం. మన వ్యవహారాల్లో మనం రద్దుతో తృప్తి పడతాము. తొలగింపు దాకా రాము. గ్రాఫిక్స్ డ్రైవర్ల చరిత్రలో ఈ రెంటి నడుమ ఎంత దూరం ఉన్నదో, ఆ దూరంలో ఏమేమి జరుగుతుందో చూచిన తరువాత, నా విద్యార్థికి నేను చెప్పిన అనువాదంలో తొలగింపు అన్న ఒక్క మాటే సరియైనదని తెలిసింది.

లైనక్స్‌లో త్రిపరిమాణ చిత్రాలను వేగంగా చూపే మొదటి ఏర్పాటు 1999–2000 ప్రాంతంలో రూపు దిద్దుకొన్నది. ఆనాటి పద్ధతి మోటుది. కార్డు ఒక్కటి, దానిని వాడుకోగోరే ప్రోగ్రాములు పెక్కు; అందరికీ కలిపి ఉమ్మడిగా కొంత జ్ఞాపకస్థలం, దానికి ఒకే ఒక తాళం. తాళం చేత చిక్కినవాడు కార్డుతో పని కానిచ్చుకొని ఇంకొకరికి ఇవ్వాలి. ఊరందరికీ ఒకే బావి, ఒకే చేద అన్నమాట. తెర కొలతలు మార్చడం వంటి పెద్ద పని కెర్నెల్ చేతిలో లేనే లేదు. వెలుపల ఉండే ఎక్స్ అనే ప్రోగ్రాము సర్వాధికారాలతో తిన్నగా చిప్పుమీద చేయి వేసేది. 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌లో, ఇంటెల్ చిప్పులతో మొదలుపెట్టి, ఈ పనిని కెర్నెల్ తన చేతిలోనికి తీసుకొన్నది. క్రమంగా బ్రతికి ఉన్న డ్రైవర్లన్నీ కొత్త దారికి వచ్చాయి. ఏడు మాత్రం రాలేదు: ఐ810, ఎంజీఏ, ఆర్128, శావేజ్, సిస్, టీడీఎఫ్ఎక్స్, వియా. ఇవన్నీ దాదాపు 2000 నాటి కార్డులకు చెందినవి. టీడీఎఫ్ఎక్స్ కథ చెప్పనక్కరలేదు. దాని కార్డులు చేసిన త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ 2000 డిసెంబరులోనే తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్ముకొనడానికి ఒప్పుకొన్నది.

ఈ ఏడింటికీ లెగసీ అనే గుర్తు పెట్టారు. లెగసీ అంటే లోకంలో వారసత్వంగా వచ్చిన ఆస్తి. ఈ శాస్త్రంలో మాత్రం వారసులు కోరుకోని ఆస్తికి ఆ పేరు. వీటిని కెర్నెల్‌లో చేర్చుకోవాలా వద్దా అని అడిగే చోట ఒక హెచ్చరిక కూడ వ్రాశారు. ఇవి ప్రమాదకరమైన ద్వారాలను తెరుస్తాయి, రక్షణ ఏర్పాట్లను తప్పించుకొనడానికి ఉపయోగపడతాయి, పాతవారి కోసం మాత్రమే ఉంచాము, గట్టి కారణం లేకుంటే వద్దు అనండి అని దాని సారాంశం. ఇది రద్దు. తొలగింపు కాదు.

బొమ్మ గీయడంలో కెర్నెల్‌లోని డ్రైవరు ఒక సగం మాత్రమే. రెండవ సగం మేసా అనే వెలుపలి గ్రంథాలయంలో ఉంటుంది. మేసా వారు 2012 ఫిబ్రవరిలో విడుదల చేసిన 8.0లో ఈ పాత కార్డుల సగాన్ని తొలగించారు. కెర్నెల్‌లోని సగం 2023 ఏప్రిల్‌లో 6.3 వచ్చేదాకా, అనగా పదకొండేండ్లు, అలాగే ఉండిపోయింది. అవతలి గట్టున రేవు మూసివేసిన తరువాత ఇవతలి గట్టున పడవకు ఏటేటా తారు పూస్తూ కూర్చున్నట్లు, కెర్నెల్‌లో ఏ ఉమ్మడి ఏర్పాటు మారినా ఈ ఏడింటినీ దానికి తగినట్లు సవరిస్తూ వచ్చారు. పాత మేసాను అట్టే పెట్టుకొన్నవారు ఆ పడవ ఎక్కగలిగేవారే, కాదనను. కాని సవరించేవారిలో ఎందరి బల్లమీద ఆ కార్డులు ఉండి ఉంటాయి? పరీక్షించి చూడలేని సవరణ ఊహ కిందనే లెక్క. 2024 మార్చిలో వచ్చిన 6.8లో, ఆ ఏడింటి కోసమే మిగిలియున్న ఉమ్మడి భాగాన్నీ, దానితోపాటు లెగసీ అనే గుర్తునూ తీసివేయడంతో ఆ అధ్యాయం ముగిసింది.

ఉంటే ఏమి పోయింది, మూలన పడి ఉంటుంది, తిండి అడగదు కదా అని మన పెద్దలు పాత సామాను విషయంలో అంటారు. ప్రోగ్రాముల విషయంలో ఈ మాట చెల్లదు. ఆర్128 డ్రైవరులో 2009లో ఒక లోపం బయటపడింది. కార్డులోని ఆజ్ఞలు నడిపే యంత్రభాగం సిద్ధమైనదా లేదా అని చూడకుండానే అది ఆజ్ఞలు స్వీకరించేది. తత్ఫలితంగా ఆ కంప్యూటరులో సామాన్య ఖాతా గలవాడు యంత్రాన్ని కూల్చవచ్చును, అధికారాలను సంపాదించే అవకాశం కూడ లేకపోలేదు. ఎవరూ నడవని దొడ్డిదారికి కాపలా ఉండదు. దొంగ వెదికేది సరిగా అటువంటి దారినే.

ఇంతకంటె భయంకరమైన ఉదాహరణ గ్రాఫిక్స్ రంగంలోనిది కాదు, షేర్ల వ్యాపారంలోనిది. అయినా పాత గుర్తు ఎంత పని చేయగలదో తెలియడానికి దీనిని మించినది నాకు కనబడలేదు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే సంస్థ ఉండేది. దాని కంప్యూటర్లలో పవర్ పెగ్ అనే ఒక పద్ధతి ఉండేది. దాని వాడకాన్ని 2003లో మానివేశారు గాని ప్రోగ్రాములో నుండి తీసివేయలేదు. 2012లో కొత్త సౌకర్యం ఒకటి చేర్చవలసి వచ్చి, దానికి గుర్తుగా, ఖాళీగా ఉన్నది కదా అని పవర్ పెగ్‌ను మేల్కొలిపే ఆ పాత గుర్తునే వాడుకొన్నారు. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో పెట్టవలసి ఉండగా ఒకదానిలో పెట్టడం మరచిపోయారు. 2012 ఆగస్టు 1వ తేదీ ఉదయం బజారు తెరిచారు. ఏడు సర్వర్లు ఆ గుర్తును కొత్త అర్థంలో చదివాయి. ఎనిమిదవది పాత అర్థంలో చదివింది. తొమ్మిదేండ్లుగా నిద్రించిన పవర్ పెగ్ లేచి, ఇచ్చిన ఆర్డరు నెరవేరినదా లేదా అన్న లెక్క లేకుండ కొంటూ అమ్ముతూ పోయింది. 45 నిమిషాలలో 154 కంపెనీలకు చెందిన 39 కోట్ల 70 లక్షల షేర్లు చేతులు మారాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ దేశపు సెక్యూరిటీస్ ఎక్స్చేంజ్ కమిషన్ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో ఈ వివరాలన్నీ ఉన్నాయి. రద్దు చేశారు, తొలగించలేదు.

నష్టం ఎప్పుడూ ఇంత చప్పుడుతో రాదు. ఒక్కొక్క గుర్తు ప్రోగ్రాము నడకను రెండుగా చీలుస్తుంది. పది గుర్తులుంటే 1,024 కలయికలు. అన్నింటినీ పరీక్షించినవాడు ఉండడు. అంతకంటె నన్ను కలతపెట్టినది చదువరి కష్టం. మా విద్యార్థి మొదటి రెండు నెలలూ ఏమి చేశాడని అడిగితే, ఒక గుర్తు ఎందుకున్నదో తెలియక వెదికానని చెప్పాడు. అది ఎవరికీ అక్కరలేనిది. కాని అక్కరలేనిదని ఎక్కడా వ్రాసి లేదు. ఉన్నది కదా, ఏదో ప్రయోజనం ఉండి తీరుతుందని నమ్మి వెదికాడు. మూలపాఠం మీద గౌరవం గల విద్యార్థినే ఇటువంటి గుర్తు ఎక్కువగా మోసగిస్తుంది. గౌరవం లేనివాడు దాటుకొని పోతాడు.

ఇంతవరకు చదివిన వారు నేను తొలగింపునకు వకాల్తా పుచ్చుకొన్నానని అనుకోవచ్చును. పుచ్చుకొన్నాను. కాని తొలగించేవానిమీద ఒక బాధ్యత కూడ మోపుతాను. ఫలానా గుర్తు ఎవరికీ అక్కరలేదని నిరూపించే భారం తొలగించేవానిదే. అక్కర ఉన్నవాడు వచ్చి మొరపెట్టుకోవాలనడం న్యాయం కాదు. వాడికి ఈ సంగతి తెలిసే మార్గమే లేదు.

కెర్నెల్ లోపల ఎవరు చదువుతున్నారో వెదకి తెలుసుకొనడం తేలిక. వెలుపల లక్షలాది యంత్రాలలో ఉన్న పాత ప్రోగ్రాములలో ఎవరు చదువుతున్నారో తెలుసుకొనడం కష్టం. లైనక్స్‌లో దీనికి ఒక కట్టుబాటు ఉన్నది. కెర్నెల్‌లో ఏ మార్పు చేసినా వెలుపల నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము నేడు ఆగిపోరాదు. ఆగిపోతే తప్పు కెర్నెల్‌దే. ఈ కట్టుబాటును టోర్వాల్డ్స్ ఎంత కఠినంగా అమలు జరుపుతాడో ఆ రంగంలో అందరికీ తెలిసినదే. 2013లో, కొత్త దారికి వచ్చిన డ్రైవర్లకు పాత కాలపు కాంటెక్స్ట్ అనే ఏర్పాటుతో పని లేదని దానిని మూసివేశారు. మూసిన తరువాత తెలిసినది: ఎన్‌విడియా కార్డుల కోసం ఔత్సాహికులు వ్రాసుకొన్న నూవో అనే డ్రైవరు యొక్క వెలుపలి భాగం, దాని పాత ప్రతులలో, ఆ ఏర్పాటును పిలుస్తున్నది. పిలిచినందువలన దానికి ఒరిగేది ఏమీ లేదు. పిలిచినప్పుడు తప్పు అని జవాబు రాకుంటే చాలు, తన దారిన తాను పోతుంది. జవాబు మారేసరికి ఆగిపోయింది. తగినంత తవ్వి చూడకుండ చేసిన పని అని ఒప్పుకొని ఆ మార్పును వెనుకకు తీసుకొన్నారు. తరువాత ఆ ఒక్క డ్రైవరు కోసం ఒక ప్రత్యేక గుర్తే పెట్టవలసి వచ్చింది. అదీ 6.8తోనే పోయింది. ఫ్రెంచి భాషలో నూవో అంటే కొత్త. పాత కాలపు గుర్తును చివరిదాకా మోసినది కొత్త అనే పేరు గల డ్రైవరు!

ఇంకొకటి చెప్పకుండ ఉండలేను. తెరమీది మార్పులన్నింటినీ ఒకే దెబ్బతో, మధ్యలో చెదరకుండ చేసే అటామిక్ అనే విద్యకు ఒక గుర్తున్నది. ఎక్స్ ప్రోగ్రాములోని ఒక భాగం ఆ విద్యను తప్పుగా వాడేది. దానిని నిలువరించడానికి 2019లో కెర్నెల్‌లో ఒక వింత నియమం వ్రాశారు. అడుగుతున్న ప్రోగ్రాము పేరులో మొదటి అక్షరం ఎక్స్ అయితే, పాత పద్ధతిలో అడిగినంతవరకు లేదని చెప్పవలెను. పేరులో మొదటి అక్షరం చూసి నీళ్లు పోయడమన్నమాట. చదివి నవ్వుకొన్నాను. కాని ఆ పాత ప్రతులు నడిచే యంత్రాలు ఉన్నంతకాలం దీనిని కాలం చెల్లినదని నేను అనను. వికారమైనదంతా కాలం చెల్లినది కాదు. ఈ రెంటికీ భేదం తెలియని ఉత్సాహవంతుడు సోమరికంటె ఎక్కువ నష్టం చేస్తాడు.

మా తెలుగు తరగతిలోని అరసున్ననే చూడండి. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో అది పోయి చాలాకాలమైంది. నా విద్యార్థులు వాడు, వీడు అని వ్రాసుకొంటున్నారు, అర్థానికి లోటు రాలేదు. అయినా తిక్కన పద్యం ముందు కూర్చున్నవాడికి అది కావాలి. చదివేవాడున్నాడు గనుక అది చావలేదు. యూనికోడ్‌లో కూడ దానికి స్థానం ఉన్నది, ఒకసారి స్థానమిచ్చిన అక్షరాన్ని తీసివేయరాదన్నది వారి నియమం. అయితే భాషకు దక్కని ఒక వసతి ప్రోగ్రామునకు ఉన్నది. 2005లో టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అనే ఏర్పాటులో ఆ నాటి నుండి కెర్నెల్‌లో జరిగిన ప్రతి మార్పూ తేదీతో, చేసినవారి పేరుతో, కారణంతో భద్రంగా ఉన్నది. 2023లో తొలగించిన ఆ ఏడు డ్రైవర్లనూ ఈ క్షణం తెరచి చదువుకోవచ్చును. కనుక తొలగింపు అనగానే గ్రంథాలయం తగులబెట్టినట్లు బాధపడనక్కరలేదు. అది రోజూ కూర్చునే బల్లమీది నుండి తీసి గ్రంథాలయంలో పెట్టడం.

పేదవాడి పాత కంప్యూటరు సంగతేమిటని అడగడం న్యాయమే. నేను ఇంటర్మీడియట్ చదివేనాటికి మా ఊళ్లో నేను మొదట తాకిన కంప్యూటరులో 810 చిప్పే ఉండేది, కాబట్టి ఈ ప్రశ్న నాకూ పుట్టింది. వెదికితే జవాబు దొరికింది. పోయినది త్రిపరిమాణ చిత్రాల వేగం మాత్రమే. తెరమీద సామాన్యంగా అక్షరాలూ బొమ్మలూ చూపే వేరొక డ్రైవరు, ఫ్రేమ్‌బఫర్ అనేది, ఆ కార్డులకు కెర్నెల్‌లో విడిగా ఉన్నది. ఆ వేగం కూడ కావాలనేవారికి 2022 డిసెంబరులో వచ్చిన 6.1 ఉన్నది, అందులో ఆ ఏడూ ఉన్నాయి. మేట్రాక్స్ విషయంలో మరీ జాగ్రత్త పడ్డారు. పాత ఎంజీఏ పోయింది గాని, అదే వంశపు జీ200 చిప్పులు సర్వర్లలో నేటికీ ఉన్నందున వాటి కొత్త డ్రైవరును ముట్టుకోలేదు. పేరు ఒక్కటే గదా అని రెంటినీ కలిపి ఊడ్చివేసి ఉంటే ఎన్ని సర్వర్ల తెరలు నల్లబడి ఉండేవో.

ఇప్పుడు కళాశాల కమిటీ వారికి నా మనవి. మా విద్యార్థి చేసిన ప్రాజెక్టు ఇది: 6.1నూ 6.8నూ పక్కపక్కన పెట్టి, గ్రాఫిక్స్ డ్రైవర్ల గుర్తులలో ఏవి పోయాయో ఒక్కొక్కటే పట్టుకొని, దానిని ఎవరు పెట్టారు, ఎవరు చదివారు, చివరి పాఠకుడు ఏ మార్పుతో పోయాడు అని మూడు గడుల పట్టిక కట్టాడు. ఆ తరువాత మన ల్యాబులో విద్యార్థులు తరతరాలుగా వ్రాసుకొంటూ వచ్చిన హాజరు ప్రోగ్రామును అదే పద్ధతిలో పరీక్షించి, ఎవరూ చదవని పదకొండు గుర్తులను తొలగించాడు. తొలగించే ముందు ప్రతిదానికీ పట్టిక చూపించాడు. తొలగించిన తరువాత నెల రోజులు అది ఒక్క తప్పు లేకుండ నడిచింది. బయటి నుండి వచ్చిన పరీక్షకులు ఫారం ముందు పెట్టుకొని, "నీవు కొత్తగా చేర్చినదేమిటి?" అని అడిగారు. ఏమీ లేదు, తీసివేశాను అన్నాడు. ఫారంలో ఆ గడికి ఇరవై ఐదు మార్కులు. అందులో అతనికి వచ్చినవి నాలుగు. అదే రోజున, నడవని ఒక చాట్ ప్రోగ్రామునకు మూడు కొత్త సౌకర్యాలు తగిలించినవాడికి ఇరవై రెండు వచ్చాయి. పరీక్షకులను నేను తప్పు పట్టను. వారు ఫారం ప్రకారం నడచుకొన్నారు.

ఆ ఫారం మన కళాశాల ముద్రించినదే. మన వార్షిక నివేదికలోనూ ఇదే తీరు. కొత్తగా నెలకొల్పినవి, కొత్తగా కొన్నవి, కొత్తగా ప్రారంభించినవి వరుసగా ఉంటాయి. మానివేసినవి ఉండవు. కనుక ఎవరూ దేనినీ మానివేయరు. వచ్చే ఏటి ప్రాజెక్టు ఫారంలో "కొత్తగా చేర్చినవి" అనే గడి పక్కన, సమానమైన మార్కులతో, "పరీక్షించి తొలగించినవి, వాటికి చూపిన ఆధారము" అనే గడి ఒకటి చేర్చవలసినదిగా కోరుతున్నాను. ఆధారము అన్న మాటను మాత్రం వదలవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. లేకుంటే వచ్చే ఏడు మన విద్యార్థులు మార్కుల కోసం చేతికందినదెల్లా తుడిచివేస్తారు.

తెలుగు సారాంశానికి శీర్షిక మార్చుకొన్నాము. కాలం చెల్లిన జెండాలు పోయి, "చదివేవారు లేని గుర్తుల తొలగింపు" అయింది. జెండా అనే మాట ఎక్కడా రాలేదు. రికార్డు కంప్యూటర్ శాఖ బీరువాలో రెండవ అరలో ఉన్నది. తాళం ల్యాబ్ అసిస్టెంటు దగ్గర దొరుకుతుంది.